చేతులకు తెలిసిన దారి

"నీకేం, అన్నీ అలవాటైన పనులే. చేతులే చేస్కపోతయి, తలకాయకు తకిలీఫేముంది?" అన్నాడు భర్త ఐలేష్. అరుణజ్యోతి అప్పుడు ఒక పొయ్యి మీద పాలు, ఇంకో పొయ్యి మీద కూర చూసుకుంటూ కూతురు చిన్నికి జడ వేస్తోంది. మన్నెగూడలో జనానికి ప్లాట్లు చూపించే తన పనికే బుర్ర కావాలని అతని నమ్మకం. నిజానికి ఆమె తలకాయ అప్పటికే హయత్‌నగర్‌లో ఉంది.

అక్కడ ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేసే మనిషి కావాలట. పెళ్లికి ముందు తనతో డిప్లొమా చదివిన శ్రీసుధ అక్కడే పని చేస్తోంది. ఇవాళ పదకొండు గంటల లోపల వచ్చి కనపడమంది. పోయినసారి ఇలాగే ఉద్యోగం మాటెత్తితే అత్త బాలనర్సమ్మ, "నువ్వు బోతే ఇల్లెవరు జూస్తరు? గీ ఇంట్ల నీకు అన్నం దొరుకుతలేదా?" అంది. అందుకే ఈసారి ఎవరికీ చెప్పలేదు. రోజూలాగే చిన్నిని మన్నెగూడ బడి దగ్గర దింపి, అటునుంచి అటే వెళ్లిపోవాలనుకుంది.

స్కూటీ మీద దారి పొడుగునా, అడగబోయే ప్రశ్నలకు జవాబులు నెమరేసుకుంది. రక్తం గడ్డకట్టకుండా ఏం కలపాలి, ఏ నమూనాను ఎంత చల్లగా దాచాలి. ఇన్నేళ్లయినా ఏదీ చెరిగిపోలేదు. సంబరంగా అనిపించింది. చిన్నిని దింపి, జవాబులు చెప్పుకుంటూనే బండి తిప్పింది. బండి ఆగేసరికి ఎదురుగా ఉన్నది ఇబ్రహీంపట్నంలో తమ ఇంటి గేటు.

"వచ్చినవా? జర బియ్యం కడుగు, వాడు జల్ది వస్తనన్నడు" అంది బాలనర్సమ్మ.

ఇంకా టైముంది, వెనక్కి పోవచ్చు. ఆ ఆలోచన తెగేలోపలే కాళ్లు చెప్పులు విడిచేశాయి, చేతులు బియ్యంలోకి వెళ్లాయి. అన్నం వార్చి గడియారం చూసుకుంటే పదకొండు దాటిపోయింది.

పెరట్లోకి వెళ్లి శ్రీసుధకు ఫోన్ చేసింది. ఇవాళ వచ్చినవాళ్లు సార్‌కి నచ్చలేదని, రేపు రమ్మని చెప్పింది శ్రీసుధ. "దారి మర్చిపోయావా ఏంటే?" అని అడిగింది.

"మర్చిపోలే సుధా. నేను అనుకున్నదొకటి, నా చేతులు చేసిందొకటి."

ఫోన్ పెట్టేసి బట్టలుతికే బండ మీద కూర్చుండిపోయింది. ఇన్నేళ్లూ తను గెలుస్తున్నాననే అనుకుంది. ఎవరెన్ని మాటలన్నా చేతుల్ని ఇంటికి వదిలేసి మనసును ఎటో తీసుకుపోయేది, అక్కడ ఎవరూ తనను అందుకోలేరని. కానీ తను అలా వెళ్లిపోయిన ప్రతిసారీ చేతుల్ని నడిపించే లోపలి మనసు ఒంటరిగా ఇక్కడే ఉండి పాఠాలు నేర్చుకుంది. ఎప్పుడు లేవాలో, ఎక్కడ తిరగాలో, ఏ గొంతుకు పరుగెత్తాలో. దానికి తనమీద పగ లేదు. తను పరధ్యానంలో ఉన్నప్పుడు సాగర్ రోడ్డు మీది లారీల నుంచి కాపాడిందీ, చదివిన చదువంతా పోకుండా దాచిపెట్టిందీ అదే. మంచీ చెడూ దానికి తెలియదు, ఎవరు ఎక్కువసార్లు చెబితే వాళ్ల మాట వింటుంది. ఈ ఇల్లు రోజూ చెప్పింది. తను ఒక్కసారి కూడా చెప్పలేదు.

సాయంత్రం ఐలేష్ సోఫాలో వాలి, ఫోన్ చూస్తూ "నీళ్లు" అన్నాడు. బట్టలు మడతపెడుతున్న అరుణజ్యోతికి, తను లేచినట్టే తెలియలేదు. తెలిసేసరికి వంటింట్లో ఉంది, చేతిలో నిండు గ్లాసు. చెయ్యి హాలు వైపు చాచుకునే ఉంది. దాన్ని వెనక్కి తీసుకోవడం బిందె ఎత్తినంత బరువనిపించింది. తీసుకుంది. గ్లాసు నోటికెత్తుకుని నిదానంగా, చివరి గుక్కదాకా తాగింది.

"నీళ్లేవి?"

"నేను తాగిన. బిందె ఈడనే ఉంది, వచ్చి ముంచుకో."

ఐలేష్ తలెత్తి చూశాడు. అత్త టీవీ గొంతు తగ్గించింది.

"రేపు నేను హయత్‌నగర్ పోతున్న, పని కోసం" అంది అరుణజ్యోతి. వెంటనే ఇంకోసారి, ఇంకొంచెం గట్టిగా అంది. వాళ్లకు మొదటిసారే వినపడింది. రెండోసారి చెప్పింది తన చేతులకు.