చిన్న గేటు దారి

ఆ కాలేజీకి రెండు గేట్లు. పెద్ద గేటు ఆస్పత్రి రోడ్డు వైపు ఉంటుంది, దాని మీద బంగారు రంగు అక్షరాలు, పక్కన టోపీ పెట్టుకున్న కాపలావాడు. అది ఫోటోల కోసం. చిన్న గేటు వెనక వైపు, టైలరమ్మ కొట్టున్న సందులోకి తెరుచుకుంటుంది. రంగు రాలిన రెండు ఇనుప రెక్కలు, అంతకుమించి ఏమీ లేదు. కానీ ఊరు నడిచేది దాని గుండానే. ఆ గేటు దాటి కాలేజీ తోట పక్కనుంచి నడిస్తే అవతల ఆస్పత్రి, బడి, బజారు. అది కాదంటే లారీల రోడ్డు పట్టుకుని చుట్టూ తిరగాలి. ఆ రోడ్డుకి కాలిబాట లేదు. ప్రతి ఎన్నికలకీ వేస్తామంటారు, గెలిచాక ఆ రోడ్డు మీద కార్లలో వెళ్తారు.

కాలేజీ కట్టిన స్థలం మున్సిపాలిటీదే. ఇచ్చిననాడు పాతకాలపు పెద్దలు ఒకటే షరతు పెట్టారు, దారి జనానికి వదిలేయాలని. ఇప్పుడా గేటు శాశ్వతంగా మూసేస్తామని కాలేజీ వాళ్ళు అర్జీ పెట్టారు. కారణం, హాస్టల్లో ఒక లాప్‌టాప్ పోయింది. బయటివాళ్ళ పనేనన్నారు. తీరా చూస్తే అది పక్కగది కుర్రాడి మంచం కిందే దొరికింది. లాప్‌టాప్ దొరికింది కానీ అన్న మాట మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు మున్సిపల్ ఛైర్మన్ ఆ దారి ధారపోయడానికి సిద్ధంగానే ఉన్నాడు. కాకపోతే ముందు జనాన్ని అడగాలని చట్టంలో ఒక ముక్క ఉంది పాపం. అందుకని ప్రజాభిప్రాయ సేకరణ సభ పెట్టారు. ఎక్కడ? ఆ కాలేజీ ఆడిటోరియంలోనే.

టైలరమ్మకి ఇది ఊరి గొడవ కాదు, ఇంటి గొడవ. ఆమె ఆడపడుచు ఆస్పత్రిలో ఆయా. మొన్న పరీక్షల పేరు చెప్పి గేటు వారం రోజులు మూసినప్పుడు, డ్యూటీకి లారీల రోడ్డు మీద వెళ్తుంటే ఏదో లారీ తగిలి కాలు నుజ్జయింది. తగిలిన లారీ ఆగను కూడా లేదు. ఇప్పుడు రెండు చంకకర్రల మీద అన్నగారింట్లో ఉంటోంది. కూర్చుని చేసే పని ఇస్తాం, ఒకటో తారీఖుకి వచ్చి చేరకపోతే ఇంకొకరిని పెట్టుకుంటామని ఆస్పత్రివాళ్ళు కబురు చేశారు. చిన్న గేటు దారినైతే తోటలో బెంచీల మీద ఆగుతూ ఆగుతూ ఎలాగో వెళ్ళగలదు. లారీల రోడ్డు మీద చంకకర్రలతో నడవమనడం, ఇంకో లారీని పిలిచి మిగిలిన కాలు కూడా చూపించమనడమే.

టైలరమ్మ మొగుడు బడిలో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. ఊళ్ళో సగం మంది ఆయన విజిల్‌కి పరిగెత్తినవాళ్ళే. న్యాయానికి పెట్టింది పేరు. సొంత చెల్లెలే గీత తొక్కిందని పరుగుపందెం నుంచి తప్పించిన మనిషి. ఆ చెల్లెలే ఈ ఆయా. ఆయన న్యాయం ఎప్పుడూ ఇంట్లోవాళ్ళ నెత్తి మీదే మొదలవుతుంది, ఆ సంగతి టైలరమ్మకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

సభకి నాలుగు రోజుల ముందు ఛైర్మన్ స్వయంగా వాళ్ళింటికొచ్చాడు. మాట్లాడేవాళ్ళకి తలా రెండు నిమిషాలు, టైము చూసి గంట కొట్టడానికి మచ్చలేని మనిషి కావాలి, మీరు తప్ప ఎవరున్నారు మాస్టారూ అన్నాడు. మాస్టారు నిటారుగా కూర్చున్నాడు. రిటైరయ్యాక ఆయన్ని ఎవరైనా ఏదైనా అడగడం అదే మొదలు. ఛైర్మన్ కారు సందు దాటిందో లేదో టైలరమ్మ మిషను ఆపింది.

"వాళ్ళకి కావలసింది మీ చెయ్యి. గంట కొట్టింది మీరైతే ఎవరూ ఎదురు మాట్లాడరని వచ్చారు. మన వేలితో మన కన్నే పొడిపిస్తారు, చూస్తూ ఉండండి," అంది.

"రూలు అందరికీ ఒకటే. నాకు నువ్వైనా ఒకటే, ఛైర్మనైనా ఒకటే," అన్నాడాయన.

ఆ రూలు రాసిందెవరో అడిగారా అని ఆమె అడిగింది. ఆయన స్టాప్‌వాచీ వెతుక్కోవడానికి లోపలికి వెళ్ళాడు.

ఇక లాభం లేదని టైలరమ్మ తన మాటలు తానే కూర్చుకుంది. కాలేజీ పట్టాల పండగకి నల్లగౌన్లు కుట్టే రోజులవి. కాలు తొక్కుతూ, నోటితో ఉపన్యాసం చదువుకుంటూ కూర్చునేది. కొట్టుకి వచ్చిపోయే ఆడవాళ్ళు ఊరుకుంటారా? దారి అడుక్కోవడమేంటి, 'దయచేసి' తీసెయ్ అంది కిరాణా కొట్టావిడ. లారీ మాట ముందుకి తెమ్మంది బడి పంతులమ్మ. మర్యాద లేకపోతే వినరు, మొదట్లో నమస్కారాలు పెట్టమంది పాలకేంద్రం పెద్దావిడ. నాలుగు రోజులు మిషను చప్పుడుతో కలిపి వినీ వినీ, సభ నాటికి సందులో ఆడవాళ్ళందరికీ అది కంఠతా వచ్చేసింది.

సభ మధ్యాహ్నం మొదలైంది. సందు సందంతా చిన్న గేటు గుండానే వచ్చింది, ఆయా కూడా వదినగారి పక్కనే చంకకర్రలు వేసుకుంటూ వచ్చింది. వేదిక మీద ఛైర్మన్, ప్రిన్సిపాల్, ఓ పక్క చిన్న బల్ల మీద ఇత్తడి గంట, దాని వెనక ఇస్త్రీ కోటులో మాస్టారు. ముందు ప్రిన్సిపాల్ తెరమీద బొమ్మలు వేసి భద్రత గురించి చెప్పాడు. తర్వాత ఛైర్మన్ కాలేజీ వల్ల ఊరికి వచ్చిన పేరు గురించి చెప్పాడు, చెప్పిందే ఇంకోసారి చెప్పాడు. మాస్టారు ఒకసారి స్టాప్‌వాచీ చూసి, ఛైర్మన్ వైపు చూశాడు. రెండు నిమిషాలు పౌరులకండీ అని ఛైర్మన్ నవ్వాడు. మాస్టారు చెయ్యి గంట మీదనుంచి తీసేశాడు. కింద కూర్చున్న టైలరమ్మకి ఒళ్ళు మండిపోయింది. రూలు అందరికీ ఒకటేనన్న మనిషి ఈయనేనా?

పౌరుల వంతు వచ్చింది. మాస్టారు ఒక్క క్షణం అటూ ఇటూ కానివ్వలేదు. కుళాయిల మేస్త్రీ గొంతు సవరించుకునేలోపే గంట. సైకిలు షాపు తాత తన వాదానికి ముందు తాతల కాలం నుంచి ఎత్తుకున్నాడు, మధ్యలోనే గంట. జనం నవ్వి ఊరుకున్నారు, మాస్టారు కదా.

టైలరమ్మను పిలిచారు. ఆమె వెళ్ళి నిలబడితే మైకు కీచుమంది, తర్వాత మూగబోయింది. ఒకడొచ్చి వైరు పీకాడు, ఇంకొకడొచ్చి పెట్టాడు. మైకు పలికేసరికి ఆమె మొగుడి చేతిలో టైము పరిగెడుతూనే ఉంది. పిలిచిన దగ్గర్నుంచీ లెక్కేనని మొదట్లోనే చెప్పారట. ఆమె నమస్కారాలు పెట్టింది, షరతు సంగతి చెప్పింది, అసలు మాటకి వచ్చింది.

"ఆ వారం రోజులూ గేటు మూసినప్పుడు మా ఆడపడుచు..."

గంట మోగింది.

ఆమె తల తిప్పి చూసింది. మాస్టారు ఆమెను చూడలేదు, వాచీనే చూస్తున్నాడు. తోడబుట్టినదాని మాట నోటి దాకా వస్తే గంట కొట్టాడు! ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆయన మీద కోపం రావడం ఆమెకి కొత్త కాదు. కానీ సిగ్గు పడడం మాత్రం ఇదే మొదటిసారి. మైకు లాక్కున్నారు, వచ్చి కూర్చుంది.

తర్వాత కిరాణా కొట్టావిడ. ఆవిడ ఊరగాయ జాడీలా ఊరికే ఉండే మనిషి, సభల్లో నోరెత్తి ఎరగదు. నమస్కారం కూడా పెట్టకుండా మొదలుపెట్టింది.

"మా ఆడపడుచు లారీల రోడ్డు మీద డ్యూటీకి వెళ్తోంది. కాలిబాట లేదు. లారీ కాలు మీదనుంచి వెళ్ళిపోయింది."

ఛైర్మన్ అయోమయంగా, మీ ఆడపడుచుకి కూడానా అమ్మా అన్నాడు. "మాట ఆవిడదండీ, టైము నాది," అంది ఆవిడ. జనం గొల్లుమన్నారు. ఆవిడ రెండు నిమిషాలూ నడిపించి, వాక్యం మధ్యలో గంట మోగగానే దిగిపోయింది. పంతులమ్మ లేచి సరిగ్గా ఆ వాక్యాన్నే అందుకుంది. ఆ వెనక పాలకేంద్రం పెద్దావిడ. టైలరమ్మ నాలుగు రోజులు కుట్టిన మాటలు ఒక్క కుట్టు కూడా జారకుండా వాళ్ళ నోట వచ్చేశాయి. ఆమెకి కళ్ళనీళ్ళు ఆగలేదు.

ఆఖరున ఆయాను పిలిచారు. వెనక వరస నుంచి లేచింది. చంకకర్ర, కాలు, చంకకర్ర. మధ్యలో ఒకసారి కుర్చీ పట్టుకుని ఆగింది. ఎవరో సాయం రాబోతే వద్దంది. హాలంతా చంకకర్రల చప్పుడు తప్ప ఏమీ లేదు. మైకు దాకా వచ్చేసరికి వగరుస్తోంది.

"మాస్టారూ, టైమైపోయినట్టుందే," అన్నాడు ఛైర్మన్.

అయిపోయింది. అది మాస్టారికి అందరికంటే ముందే తెలుసు. అయినా ఆయన చెయ్యి కదల్లేదు.

"ఇక్కడి దాకా రావడానికే నా టైమంతా సరిపోయిందండీ. చుట్టూ తిరిగి ఎలా రమ్మంటారు?" అంది ఆయా.

ఛైర్మన్ మర్యాదగా నవ్వి, చెయ్యి చాపి, గంట తానే కొట్టాడు.

ఆ తర్వాత అందరి అభిప్రాయాలూ విలువైనవేనని, అన్నీ పరిశీలిస్తామని చెప్పి సభ ముగించారు. ఛైర్మన్ కారు పెద్ద గేటులోంచి వెళ్ళిపోయింది. సందువాళ్ళు, వాళ్ళ వెనక నాలుగడుగుల దూరంలో మాస్టారు, పొద్దు వాలుతుండగా తోట పక్కనుంచి చిన్న గేటు దగ్గరికి వచ్చారు.

గేటుకి వెల్డింగు చేసేశారు. రెండు రెక్కల మీదా అడ్డంగా ఇనుప పట్టీలు, ఇంకా నల్లగా మారని కొత్త అతుకులు. వెల్డరు వైర్లు చుట్టుకుంటున్నాడు. మాస్టారు అతుకు మీద చెయ్యి పెట్టి చురుక్కుమంటే తీసేశాడు.

ఎవరు చెయ్యమన్నారని అడిగాడు. కాంట్రాక్టరన్నాడు వెల్డరు. "సభ మొదలయ్యాక మొదలుపెట్టి, అయ్యేలోపు కానిచ్చెయ్యమన్నారండీ. ఆ టైములో ఇటు ఎవరూ రారని చెప్పారు."

విన్నట్టు నటించడానికైనా ఓపిక లేదు వీళ్ళకి. నోరు తెరవమని లోపల కూర్చోబెట్టి, వెనకనుంచి దారి మూశారు.

"వీళ్ళందరినీ లోపల కూర్చోబెట్టి టైము చూసింది నేనే," అన్నాడు మాస్టారు.

"అవును, మీరే," అంది టైలరమ్మ. ఓదార్చే ఉద్దేశం ఆమెకి లేదు.

ప్రిన్సిపాల్ హడావిడిగా వచ్చాడు. గొడవ చేయొద్దని, పెద్ద గేటు నుంచి వెళ్ళమని చెప్పాడు.

"మా ఇళ్ళు ఇటున్నాయి సార్. వచ్చిందీ ఇటే. ఇటే వెళ్తాం," అంది టైలరమ్మ.

ఇటు దారి లేదు కదమ్మా అన్నాడాయన. అయితే మేం వెళ్ళం అంది ఆమె. పమిట దోపుకుని గేటుకి ఆనుకుని కింద కూర్చుంది. కిరాణా కొట్టావిడ కూర్చుంది, పంతులమ్మ కూర్చుంది. బయటివాళ్ళు లోపల ఉండడానికి వీల్లేదని ప్రిన్సిపాల్ గొంతు పెంచాడు.

"మేమూ అదే అంటున్నాం సార్. తీయండి, బయటికి పోతాం."

వెల్డరు నవ్వాపుకోలేక అటు తిరిగాడు. అతని సైకిలు కూడా గేటుకి అవతలే ఉంది. ప్రిన్సిపాల్ మాస్టారి వైపు తిరిగి, మీరు నిబంధనలు తెలిసినవారు, మీరైనా చెప్పండన్నాడు. మాస్టారు ఇస్త్రీ కోటు విప్పి మడతపెట్టి, చెల్లెల్ని బెంచీ మీద కూర్చోబెట్టి ఆమె కాలి కింద పెట్టాడు. తర్వాత వచ్చి భార్య పక్కన నేలమీద కూర్చున్నాడు. ఆమె జరగలేదు, కానీ లెమ్మని కూడా అనలేదు.

ఎంతసేపు కూర్చుంటారిలా అని అరిచాడు ప్రిన్సిపాల్.

"ఎల్లుండే ఒకటో తారీఖు," అంది టైలరమ్మ. "మా ఆడపడుచు ఆ రోజు డ్యూటీలో చేరాలి. ఇంటినుంచైతే మీరు రానివ్వరు. ఇక్కణ్ణుంచి ఆస్పత్రి దగ్గరే సార్. మేం ఇక్కడే ఉండి, పొద్దున్నే పంపిస్తాం."