కొమురమ్మ వదిలేసిన బండి

కొత్తగా కథలు రాసేవాళ్లు మా ఛత్రినాక బర్రెల కొట్టానికి వచ్చి, పుస్తకం ఎలా వేయించుకోవాలని అడుగుతుంటారు. నాకు ఎక్కువ మాట్లాడటం రాదు. పాలు పోయడం అయ్యాక వాళ్లను యాకుత్‌పురా స్టేషన్‌కు తీసుకుపోతాను. ఎందుకో చెబుతాను.

నేను ఊళ్లో ఏడో తరగతి దాకా చదివాను. కొండల్ అన్న కొట్టంలో బర్రెలను చూసుకోవడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాను. పేడ ఎత్తాక గడ్డిమోపుల మీద కూర్చుని కథలు రాసేవాణ్ని. పత్రికల్లో కొన్ని అచ్చయ్యాయి, ఎక్కువ తిరిగొచ్చాయి. పుస్తకం కావాలని ఆశ, అడగడానికి సిగ్గు. చివరికి కొండల్ అన్నే నా కాగితాలన్నీ పాలక్యాన్ల పక్కన కట్టుకుపోయి, ఉప్పుగూడలో జగదీశ్వర్ సార్‌కు ఇచ్చి వచ్చాడు.

సార్ రైల్వేలో టికెట్లిచ్చే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఇంటి ముందుగదిలో కూర్చుని, తనకు నచ్చిన పుస్తకాలు వేస్తుంటాడు. అన్నీ చదివి నన్ను పిలిపించాడు.

"పుస్తకం ఏస్త సీతారాం. గని బర్రె కథల ఆఖరి రెండు పేజీలు తీసెయ్యాలె."

నేను తల అడ్డంగా ఊపాను.

ఆ కథలో ఒక చూలు బర్రె బోనాల డప్పులకు బెదిరి పలుపు తెంపుకుంటుంది. దాన్ని సాకిన బీరయ్య గల్లీ గల్లీ వెతుకుతాడు. చివరికి దొరుకుతుంది. ఆ తర్వాతి రెండు పేజీల్లో, మూగజీవికున్న ప్రేమ మనిషికెందుకు లేదని రాశాను. పుస్తకం మొత్తంలో నేను ఎక్కువ కష్టపడింది వాటికే. ఎక్కడెక్కడి పెద్ద మాటలో ఏరి తెచ్చి పెట్టాను. అవి లేకపోతే నన్ను రచయిత అని ఎవరంటారు?

"నోరిప్పవేందయ్యా?"

"అవి ఉంటేనే ఎయ్యిండ్రి సార్. లేకుంటె వద్దు."

సార్ లేచి చెప్పులు తొడుక్కున్నాడు. "నడువు. నీ మాట గాదు, నా మాట గాదు. స్టేషన్ల సదువు. ఆఖరిదాక ఎవలన్న ఇంటె, ఉన్నది ఉన్నట్టె ఏస్త. ఇనకుంటె?"

"మీరన్నట్టె."

అది ఆయన పద్ధతట. ఇంట్లో చదివితే జనం మర్యాదకు వింటారు, బండికోసం చూసేవాడికి మర్యాద గుర్తుండదు అంటాడు.

రైల్వేలోనే బతుకంతా గడిపిన మనిషి, ప్లాట్‌ఫారం టికెట్ కొని లోపలికి వచ్చాడు. బెంచీ మీద ఒక ముసలమ్మ ఖాళీ గంప పక్కన పెట్టుకుని కాళ్లు ఒత్తుకుంటోంది. పేరు కొమురమ్మ. పొద్దుటి నుంచి ఆకుకూరలు అమ్మి, ఫలక్‌నుమా బండికోసం చూస్తోంది. నేను చదవడం మొదలుపెట్టాను. కాగితంలో ముఖం దాచుకుని గొణిగాను.

"ఏంది బిడ్డా, బర్రె చెవుల జెప్తున్నవా?" అంది ఆమె. "జెర గట్టిగ సదువు. యాడికి పోయిందట?"

గట్టిగా చదివాను. ఆమె కాళ్లు ఒత్తుకోవడం మానేసింది. బీరయ్య ఒక ఫంక్షన్ హాల్ గేటు దగ్గరికి వచ్చాడు, వాచ్‌మన్ అడ్డం నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే బండి వచ్చింది. మోతకు ఆగిపోయాను. ఆమె గంప చంకన పెట్టుకుని వెళ్లి, ఒక చేత్తో తలుపు కమ్మీ పట్టుకుని వెనక్కి తిరిగింది.

"దొరికిందా లేదా? గదొక్కటి జెప్పు!"

"గట్ల జెప్పద్దు," అన్నాడు సార్. "సదివితెనే ఇనాలె."

"నీ లొల్లి పాడుగాను!"

బండి కదిలింది. ఆమె ప్లాట్‌ఫారం మీదే ఉంది. వచ్చి బెంచీ మీద కూలబడింది. "నా బండి పాయె. ఇగ సదువు."

చదివాను. ఫంక్షన్ హాల్ వెనక, బిర్యానీ దేగిశలు కడిగే చోట బర్రె ఈనింది. దూడను నాకుతోంది. గిన్నెలు కడిగే ఆడవాళ్లు చలి తగలకుండా దూడ మీద టేబుల్ గుడ్డ కప్పారు.

కొమురమ్మ చేయి గాలిలోకి లేచింది, ఆ బర్రె వీపు అక్కడే ఉన్నట్టు మెల్లగా నిమిరింది. తర్వాత చుట్టకుదురు సర్దుకుని లేచింది.

"ఇంక ఉన్నదమ్మా," అన్నాను.

"ఇంకేముంటది బిడ్డా? బర్రె దొరికె, దూడ మంచిగున్నది. ఇంటికి తోల్కపోవుడే. నీళ్లు తాగొస్త."

సార్ నా వైపు చూడకుండా పట్టాల మీది పావురాలను చూస్తూ కూర్చున్నాడు. గెలిచానని చూపించుకోనందుకు ఇప్పటికీ ఆయనకు దండం పెట్టుకుంటాను. నేనా రెండు పేజీలు విడదీసి జేబులో పెట్టుకున్నాను.

పుస్తకం వచ్చింది. అచ్చులో నా పేరు చూసుకున్న రోజు నాకు కళ్ల ముందు మెదిలింది ఆ పోయిన బండే. పొద్దంతా గంప మోసిన మనిషి నా రాతకోసం ఇల్లు చేరడం ఆలస్యం చేసుకుంది. అంతకన్నా నాకెవరు ఏమిస్తారు?

మొదటి కాపీ ఆమెకే ఇచ్చాను. "నాకు సదువస్తదా?" అని నవ్వి, తడి తగలకుండా కొంగులో చుట్టి గంపలో పెట్టుకుంది.

అందుకే ఎవరడిగినా ఆ బెంచీ దగ్గరికి తీసుకుపోతాను. మొన్న కీర్తిప్రియ అనే అమ్మాయి కథతో వచ్చింది. మమ్మల్ని దూరం నుంచే చూసి కొమురమ్మ గంప దించింది.

"మళ్లొకదాన్ని పట్కొచ్చినవా సీతారాం? సదువు బిడ్డా, ఫికర్ జెయ్యకు. గని నాకు బండి ఉన్నది, యాదుంచుకో!"