పంచినవాళ్ళది ఆఖరి వాటా

మా ఇంట్లో వంటిళ్ళు రెండు, బియ్యం బస్తా మాత్రం ఒకటే. పై అంతస్తులో మేము, కింద మరిదీ తోడికోడలూ, వాళ్ళతో అత్తగారూ. పొయ్యిలు వేరుపడ్డా బస్తా వేరుపడకపోవడానికి కారణం ప్రేమ కాదు, హోల్‌సేల్ దుకాణం వాడి ధర. బస్తాగా కొంటే ఒక రేటు, కిలోల్లెక్కన కొంటే ఇంకో రేటు. అన్నదమ్ములు కలిసుండాలని మా మామగారు బతికున్నన్నాళ్ళూ నీతులు చెప్పారట. ఆ రెండు రేట్ల మధ్య తేడా చేసినంత పని ఆ నీతులు చెయ్యలేదు.

నెల మొదటి ఆదివారం తోడికోడళ్ళం ఇద్దరం వెళ్ళి సరుకులు కొంటాం. మరిది వాటిని మెట్ల మలుపు దగ్గర దించుతాడు. అది పైవాళ్ళదీ కాదు, కిందవాళ్ళదీ కాదు. పంపకం అక్కడే. దానికి అత్తగారు పెట్టిన చట్టం ఒకటుంది. ఒక నెల ఒకరు, ఇంకో నెల ఇంకొకరు పంచాలి. పంచినవాళ్ళు ఆఖరున తీసుకోవాలి. అవతలివాళ్ళు పెద్ద వాటా ఎత్తుకుపోతారన్న భయాన్ని మించిన త్రాసు లేదని ఆవిడ నమ్మకం. నిజమే. ఆ భయంతో మా ఇద్దరి కళ్ళూ కంసాలి కాటాల్లా తయారయ్యాయి.

అత్తగారు మమ్మల్ని పెద్దది, చిన్నది అంటారు. ఈ విద్యలో చిన్నది నాకంటే రెండాకులు ఎక్కువ చదివింది. 'రెండు కొంటే ఒకటి ఉచితం' అని తెచ్చిన సబ్బుల్లో మూడోదాన్ని దారంతో కోసి, రాలిన పొడిని కూడా రెండు పొట్లాలు కట్టిన మనిషి.

"మూడు కొంటే ఒకటి ఇచ్చేవాడి దగ్గర కొనచ్చుగా? తలా రెండొస్తాయి, కోసే బాధ ఉండదు," అన్నానప్పుడు.

"వాడి సబ్బు నురగ రాదక్కా," అంది పొట్లం మడుస్తూ.

ఈ నెల పంపకం చిన్నదాని వంతు. కాకపోతే నాకో చిక్కొచ్చిపడింది. మా ఆయన పనిచేసే ప్రింటింగ్ ప్రెస్సులో ఆర్డర్లు తగ్గాయి. నెలలో సగం రోజులే పని, సగమే జీతం అన్నారు. "కింద తెలియనివ్వకు," అన్నారీయన. ఈయన ఇంటికి పెద్దకొడుకు. అడక్కుండానే తమ్ముడు తన జేబులోంచి డబ్బు తీసి ఇస్తాడేమోనని భయం. అందుకని సెలవు పెట్టానని ప్రకటించి ఇంటిమీద పడ్డారు. కిటికీ ఊచలకి రంగేశారు. తలుపుల బందులకి నూనె పోశారు. ఇప్పుడు మా ఇంట్లో ఏ తలుపూ కిర్రుమనదు. ఎవరొస్తున్నారో తెలియక ఉలిక్కిపడి చస్తున్నాను.

సగం జీతంతో సగం బస్తా కొనడం కష్టం. కొననని చెప్పడం ఇంకా కష్టం. నేను తప్పుకుంటే చిన్నదానికి బస్తా ధర దక్కదు, ఎందుకని అడిగే హక్కు మాత్రం దక్కుతుంది. నా సగం నేను ఎప్పటిలాగే కట్టి, పైపైవి తగ్గించుకుందామనుకున్నాను.

దుకాణంలో కాఫీపొడి ట్రాలీలో వేశాను. ఇంకో వరుసలోకి తిరిగాక దాన్ని తీసి ఫినాయిల్ సీసాల మధ్య పెట్టేశాను.

"కాఫీపొడి తీసేశారేంటక్కా?"

"ఇంట్లో ఉంది."

"మొన్న అయిపోయిందన్నారు?"

"వెతికితే దొరికింది. మీ బావగారు ఇల్లంతా సర్దుతున్నారుగా."

"ఆయన సెలవు ఇంకా అవ్వలేదా?"

"బోలెడు మిగిలిపోయాయట. వాడుకోకపోతే పోతాయట."

"ఆఫర్‌లాగానా?"

"అలాంటిదే అనుకో."

చిన్నది పప్పు ప్యాకెట్ల మీద తేదీలు చూస్తోంది. తలెత్తకుండానే, "బాబుని స్కూల్లో దింపి ఆ ప్రెస్సు ముందునుంచే వస్తానక్కా. గేటుకి తాళం ఉంటోంది," అంది.

"లోపల రంగులు వేయిస్తున్నారట."

"అక్కడ కూడానా?"

"ఆఁ, అక్కడ కూడా," అని ట్రాలీని నూనె డబ్బాల వైపు తోసేశాను. దాని చక్రం ఒకటి నాలాగే తిన్నగా నడవనని మొరాయిస్తోంది.

ఇంటికొచ్చాక చిన్నది మెట్ల మలుపులో కొంగు బిగించింది. మామూలుగా తను పంచుతుంటే నేను పైన బట్టలారేసి, మడతపెట్టి, కాసేపు కునుకు కూడా తీస్తాను. ఈసారి టీ మరిగేలోపే పంచేశానని చిన్నదాని కేక వినబడింది.

దిగి చూశాను. బియ్యం సంచులు రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి మెడదాకా నిండి నిటారుగా నిలబడింది, ఇంకోటి నడుం విరిగినట్టు వాలిపోయింది. పంచదారా అంతే, పప్పూ అంతే. ఒక నూనె డబ్బా అంచుదాకా ఉంది, రెండోదాంట్లో నూనె భుజం కిందకి దిగిపోయింది.

కింది మెట్టు మీద కూచున్న అత్తగారు కళ్ళద్దాలు సర్దుకున్నారు.

"ఏమే చిన్నదానా, ఇదేం పంపకం? కళ్ళు మూసుకుని పంచావా?"

"చెయ్యి తిరగలేదత్తయ్యా. నడుం పట్టేసింది."

"నడుం పడితే చెయ్యి తిరక్కపోవడమేంటే?"

"రెండూ ఒక ఒంట్లోవేగా అత్తయ్యా."

"సరిచెయ్యి మరి."

"పంచాక ముట్టుకోకూడదని మీరేగా అన్నారు," అని చిన్నది నావైపు తిరిగింది. "ముందు మీరు తీసుకోండక్కా."

సబ్బు పొడిని పొట్లాలు కట్టిన చెయ్యి అలా పొరపాటు పడదు. దానికి తెలిసిపోయింది. తెలిసిందని నోటితో అంటే నేను మెట్లెక్కిపోతానని కూడా తెలుసు. అందుకని బియ్యం చేత అనిపించింది.

చిన్న సంచి తీసుకోవచ్చు. అప్పుడు పెద్ద సంచి ఎందుకొదిలావని అత్తగారు అడుగుతారు. ఆవిడ అడిగితే పోలీసులు అడిగినట్టే, జవాబు దొరికేదాకా లేవరు. చిన్నదాని మొహం చిన్నబోతుంది, ఈయన పరువు మెట్లమీద దొర్లుతుంది. పెద్ద సంచి తీసుకుంటే ఒక్క మాట పడితే చాలు, కక్కుర్తి మనిషని. ఆ పేరు నాకు ఇదివరకే కొంత ఉంది. దానిమీద ఇంకో గుప్పెడు పడితే మోయలేకపోను.

"రూలంటే రూలే," అని నిండు సంచి మెడ పట్టుకుని నావైపు లాక్కున్నాను. "పంచడం రానివాళ్ళకి ఇదే శాస్తి."

"పెద్దదానివై ఉండి సిగ్గులేదుటే? చిన్నపిల్ల నోటిదగ్గరిది లాక్కుంటావా?" అన్నారు అత్తగారు.

"ఆ చిన్నపిల్లకి నెత్తిమీద తెల్లవెంట్రుకలొచ్చాయి అత్తయ్యా, చూసుకోండి."

"పోనీండత్తయ్యా," అంది చిన్నది. "అక్క సంగతి మనకి కొత్తా?"

తిట్టినట్టే అంది. అత్తగారు నమ్మేలా అంది. నా నూనె డబ్బా మూత తనే గట్టిగా బిగించి, నా చేతికి కాకుండా మెట్టు మీద పెట్టి, వాలిపోయిన సంచిని చంకనెత్తుకుని కిందకి దిగిపోయింది. నడుం పట్టినట్టేమీ నడవలేదు.

సంచి మొయ్యడానికి ఈయన దిగొచ్చేసరికి అత్తగారు ఇంకా ఊపుమీదే ఉన్నారు. మీ ఆవిడ చేసిన ఘనకార్యం చూడరా అని మొదలుపెట్టి మొత్తం అప్పజెప్పారు. ఈయన సంచి భుజానికెత్తుకుని పైకొచ్చి, వంటింట్లో దభీమని దించారు.

"ఏంటా కక్కుర్తి? ఆ అమ్మాయి ఏమనుకుంటుంది?"

"ఏమీ అనుకోదు."

"సగం తీసుకెళ్ళి ఇచ్చేసిరా."

"రూలు ఒప్పుకోదు."

"రూలూ లేదు గీలూ లేదు. మనకేం తక్కువైందని?"

కిందవాళ్ళకి వినబడాలనో ఏమో, ఆ ఆఖరి మాట గట్టిగానే అన్నారు. అన్నాక ఆయనే ఆగిపోయారు. సంచి వైపు చూశారు, నూనె డబ్బా వైపు చూశారు. కాఫీపొడి కోసమనుకుంటాను, సరుకుల మధ్య ఒకసారి కళ్ళతో వెతికారు.

"చిన్నమ్మాయేనా పంచింది?" అన్నారు, ఈసారి మెల్లగా.

"ఆఁ."

నేను బియ్యం డబ్బా మూత తీశాను.

"కాస్త వంచి పట్టుకోండి. ఒలుకుతాయి," అన్నాను.

పట్టుకున్నారు.