ఎంకమ్మ గుంపు

వనపర్తిలోని ఒక కాలేజీలో జరిగే బ్యాండ్ల పోటీకి పేరు పంపడానికి సోమవారమే ఆఖరు. రెబెకా, సామ్యూల్, భానుప్రకాశ్ ముగ్గురి చేతిలో నాలుగు పాటలు సిద్ధంగా ఉన్నాయి. బ్యాండుకు పేరు మాత్రం లేదు.

రెబెకా డ్రమ్స్ వాయిస్తుంది. ధరూర్ చర్చిలో పదేళ్ల వయసులో కర్రలు పట్టింది. ఇప్పుడు గద్వాలలో మందుల దుకాణంలో పనిచేస్తూ, ఆదివారం ఆరాధన ముగిశాక అదే చర్చి పక్కగదిలో రాక్ పాటలు సాధన చేస్తోంది. సామ్యూల్ ఆమె చిన్నాన్న కొడుకు, బేస్ గిటార్ వాయిస్తాడు. భానుప్రకాశ్ వాళ్ల ఊరి వేరుశనగ రైతు కొడుకు. గిటార్ వాయిస్తూ పాడేదీ, పాటలు రాసేదీ అతనే.

పేరు కోసం ముగ్గురూ నెల రోజులుగా కొట్లాడుకుంటున్నారు. భానుకు ఉరుములూ మెరుపులూ ఉన్న ఇంగ్లీషు పేర్లంటే మోజు. అతను ఏ పేరు చెప్పినా సామ్యూల్ ఫోన్‌లో వెతికి, "గీ పేరుతోని స్వీడన్‌ల ఒకటున్నది", "గిది బెంగుళూర్ల ఉన్నది" అని కొట్టేసేవాడు.

"మన నది పేరు పెడ్దాం. కృష్ణ," అన్నాడు సామ్యూల్ ఒకరోజు.

"భజన మండలి అనుకుంటరు," అన్నాడు భాను.

శనివారం సాయంత్రం రెబెకా ఇంటికి వచ్చేసరికి తల్లి జమ్ములమ్మ వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది.

"ఏందే, మొకం గట్ల పెట్టినవ్?"

"మా బ్యాండుకు పేరు దొర్కుతలేదమ్మా."

"బ్యాండంటే ఏంది?"

"అందరం కల్సి వాయించే గుంపు."

జమ్ములమ్మ నవ్వింది. "గుంపుకు పేరు దొర్కకపోవుడేంది? మేస్త్రి పేరే గుంపు పేరు. మేం పోయినప్పుడు గట్లనే ఉండె."

రెబెకా పుట్టకముందు అమ్మా నాన్నా మహారాష్ట్రలో కాలువ పనికి పోయారని ఆమెకు తెలుసు. మేస్త్రి ఊళ్లు తిరిగి మనుషులను పోగుచేసి తీసుకుపోయేవాడు. ఆ ముప్పై, నలభై మందినే గుంపు అనేవారు. అంతకుమించి ఆ రోజుల సంగతి ఇంట్లో ఎప్పుడూ రాలేదు. ఈసారి జమ్ములమ్మ తనంతట తనే చెప్పుకొచ్చింది.

"ఒకనాడు పొద్దుగాల లేచి చూస్తే మా మేస్త్రి లేడు. చెప్పకుండ ఎటో పోయిండు. పని రాసుకునేటాయన పుస్తకం పట్టుకొని వచ్చి, ఎవల గుంపు మీరు అన్నడు. ఒక్కలు నోరు తెర్వలే. నా నోట్లకెల్లి ఎంకమ్మ గుంపు అని వచ్చింది. ఎందుకొచ్చిందో ఇప్పటికీ తెల్వదు. తట్టలు మోసేటప్పుడు పాట ఎత్తేది ఆమెనే, మేం ఎనకకెల్లి అందుకుంటుంటిమి. ఆ పొద్దు సంది మేం ఎంకమ్మ గుంపే."

రెబెకా ఆ పేరును మెల్లగా రెండుసార్లు పలికి చూసుకుంది. ఇన్నాళ్లూ అనుకున్న పేర్లన్నీ అరువు తెచ్చుకున్న చొక్కాల్లా ఉండేవి. ఇది ఒంటికి సరిపోయింది. వెంటనే భానుకు ఫోన్ చేసి అంతా చెప్పింది.

"నవ్వుతరు, రెబెకా," అన్నాడు అతను.

"నవ్వనీ."

"ఆమె ఉన్నదా ఇంక?"

"ఉన్నదంట. లింగాల్ల."

"మరి అడగకుండ ఆమె పేరెట్ల పెట్టుకుంటం?"

ఆ మాట తనకు తట్టనందుకు రెబెకాకు కొంచెం సిగ్గేసింది.

మర్నాడు తెల్లవారగానే రెండు బండ్ల మీద బయలుదేరారు. ఇల్లు గుర్తుపట్టడానికని జమ్ములమ్మ కూడా రెబెకా వెనక ఎక్కింది. వనపర్తి దాటి, నాగర్‌కర్నూల్‌లో చాయ్ తాగి, లింగాల చేరేసరికి పదకొండయింది.

ఎంకమ్మకు డెబ్బై దాటి ఉంటాయి. రేకుల పందిరి కింద కూర్చుని వేరుశనగ చెట్ల నుంచి కాయలు తెంపుతోంది. జమ్ములమ్మ దగ్గరికి పోయి "అక్కా" అనేదాకా గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక చెయ్యి పట్టుకుని వదల్లేదు.

రెబెకా వచ్చిన పని చెప్పింది. ఎంకమ్మ మరో చెట్టు అందుకుంది.

"పేర్లు సచ్చినోళ్లయి పెడ్తరు బిడ్డా. నేనింక ఉన్న గద." కాసేపాగి జమ్ములమ్మ వైపు చూసింది. "ఆ పొద్దు కూడ మీ అమ్మ నన్ను అడగలే."

ఆ ఇంట్లో ఇచ్చిన చాయ్ గ్లాసును జమ్ములమ్మ కిందపెట్టింది.

"ఎవలు లేటుగొచ్చినా తిట్లు నాకే పడుతుండె. ఎవలికి జరమొచ్చినా నా గుడిసెకే ఉర్కొచ్చేటోళ్లు. నేను మన్ను మోస్తందుకు పోయిన. మేస్త్రితనం నెత్తిన పడ్డది. పాట గూడ మర్చిపోయిన కొన్ని దినాలు."

ఇరవై ఐదేళ్లుగా లోలోపల తలుచుకుని మురిసిపోయిన సంగతికి ఇంకో వైపు ఉందని జమ్ములమ్మకు అప్పుడే తెలిసింది. "తప్పయింది అక్కా," అంది.

"తప్పనిగాదు. అడగాలె అంటున్న. గీ పోరగాండ్లు అడిగిన్రు." ఎంకమ్మ కాయల చేట పక్కకు జరిపింది. "ఏం పాడ్తరో జర వినిపియ్యుండ్రి."

భాను గిటార్ విప్పాడు. సామ్యూల్ చేతులతో తాళం పట్టాడు. రెబెకా ఒక ప్లాస్టిక్ బకెట్ బోర్లించుకుంది. పోటీకి అనుకున్న మొదటి పాట, అన్నిటికన్నా వేగమైనది, అందుకున్నారు. చరణం సగంలో ఎంకమ్మ చెయ్యెత్తింది.

"గంత ఉర్కితే తట్ట ఎట్ల అందుకుంటరు?"

ఆమె రెండు చేతులతో లేని తట్టను ఎత్తి, పక్కనున్న జమ్ములమ్మకు అందించింది. ఎత్తడం, తిప్పడం, ఇవ్వడం, ఆ తర్వాత ఖాళీ చేతులతో ఒక క్షణం ఆగడం. గొంతులో మాటల్లేని ఒక వరస మెల్లగా లేచింది. జమ్ములమ్మ తనకు తెలియకుండానే అందుకుంది.

రెబెకా ఆ చేతులనే చూస్తూ మళ్లీ మొదలుపెట్టింది. నాలుగో దెబ్బ దగ్గర కొట్టకుండా చెయ్యి ఆపింది. పాట ఒక్కసారిగా నిలకడకు వచ్చింది. ఇన్నాళ్లూ ఆయాసపడిన భాను గొంతు ఆ ఖాళీలో ఊపిరి తీసుకుంది.

పాట అయ్యాక ఎంకమ్మ మళ్లీ కాయలు తెంపసాగింది. "పెట్టుకోండ్రి," అంది తలెత్తకుండానే. "గని ఒక్కల నెత్తిన ఎయ్యకుండ్రి."

సోమవారం సామ్యూల్ ఆ పేరే పంపాడు.

పోటీలో ఏడు బ్యాండ్లు. వీళ్లది ఐదోది. వేదిక మీదున్న అమ్మాయి బ్యాండు పేరు చదవగానే వెనక వరుసల్లో నవ్వులు లేచాయి. భాను చెవులు ఎర్రబడ్డాయి. రెబెకా వైపు చూశాడు. ఆమె తల ఊపి మొదలుపెట్టింది. మొదటిసారి చెయ్యి ఆపినప్పుడు, డ్రమ్ములు పాడయ్యాయేమో అన్నట్టు హాలంతా నిశ్శబ్దం. రెండోసారి ఎవరో ఒకరు చప్పట్లు కొట్టారు. మూడో చరణానికి ఆ ఖాళీని హాలే నింపింది. అయినా రెబెకా చేతులు తొందరపడలేదు.

మూడో స్థానం వచ్చింది. బహుమతి మొదటి రెంటికే. అయినా తిరిగొచ్చేటప్పుడు ముగ్గురిలో ఎవరూ ఆ ఊసే ఎత్తలేదు.

తర్వాతి ఆదివారం భాను ఒక పెయింట్ డబ్బా, కుంచె పట్టుకుని చర్చి పక్కగదికి వచ్చాడు. పెద్ద డ్రమ్ము ముఖం మీద పేరు రాస్తానన్నాడు. 'ఎంకమ్మ'ను ఎంత పెద్దగా మొదలుపెట్టాడంటే, అంచుకు వచ్చేసరికి 'గుంపు'ను కుదించి ఇరికించాల్సి వచ్చింది.

"చెరిపి మల్ల రాయనా?" అడిగాడు.

"వద్దు," అంది రెబెకా. "ఆరనియ్యి. అందాక రెండో పాట చూద్దాం."