పిండి డబ్బాలో ఫోన్లు

చిక్కడపల్లి మార్కెట్ వెనక సందులోని ఒంటిగదిలో మాసమ్మ జొన్నరొట్టెలు కొడుతోంది. ఆమె అరచేతి దెబ్బలకు పీట అదురుతోంది. గూట్లో ఖాళీ పిండి డబ్బా ఉంది. సాయంత్రం అరగంట చూశాక ఫోన్ అందులో పడాలన్నది ఆదివారం ఇంట్లో అందరూ ఒప్పుకున్న మాట. పెద్దవాళ్ల ఫోన్లు కూడా. ఎనిమిదేళ్ల నవనీత మూడు రోజులు ఏడ్చింది. ఇవాళ అమ్మ ఫోన్‌ను తనే తెచ్చి డబ్బాలో వేసింది. మూత మాత్రం పెట్టకుండా నాన్న వైపు చూస్తూ నిలబడింది.

ఎల్లేష్ గోడకు ఆనుకుని ఫోన్ చూస్తూనే ఉన్నాడు.

"నాయినా, నీది?"

"మేస్త్రి ఫోన్ చేస్తడు బిడ్డా. రేపటి పని చెప్పాలె గదా."

అతని ఫోన్లోంచి పాట, ఈలలు వినిపిస్తున్నాయి.

"మేస్త్రి డాన్స్ గూడ చేస్తడా?"

"ఏందే, నోరు బాగ లేస్తుంది!" ఎల్లేష్ చెయ్యెత్తాడు.

మాసమ్మ పిండి చేతులతోనే అడ్డం వచ్చింది. "దాని మీద చెయ్యి పడితె ఊకోను! మూడు దినాలు ఏడ్చి ఏడ్చి మాట విన్నది పిల్ల. రేపు డబ్బాల ఎయ్యనంటె ఏ మొఖం పెట్టుకొని చెప్పాలె నేను?"

"పని పోతె ఏం తింటరు?"

"మేస్త్రి ఇల్లు కవాడిగూడలనే ఉన్నది. కాళ్లు లేవా? పోయి అడుగు!"

పెనం మీద రొట్టె మాడుతోంది. ఎవరూ తిప్పలేదు. ఎల్లేష్ భార్యను, మూత పట్టుకుని నిలబడ్డ కూతురిని ఉరిమి చూశాడు. ఫోన్‌ను ధన్‌మని డబ్బాలో పడేశాడు. చెప్పులు తొడుక్కుని కవాడిగూడ వైపు బయటికి వెళ్లిపోయాడు.