ముఫు పేరున వండిన ఇకొకొరె

ఇజెబు-ఓడె ఊళ్ళో పెండలం కోరడంలో ముఫు వాళ్ళమ్మను మించినవాళ్ళు పుట్టలేదు, ఇక పుట్టబోరు. రేకు డబ్బాను చీల్చి, మేకుతో చిల్లులు పొడిచి చేసుకున్న కోరాం ఆవిడది. దానిమీద దుంప ఆడిస్తుంటే ఎదురింటి కోళ్ళు వానొచ్చిందనుకుని గూట్లోకి దూరేవి. పచ్చి పెండలం అంటితే ఎవరి చేతులైనా దురదతో చిందులేస్తాయి. ఆవిడ చేతులను చూస్తే దురదే దణ్ణం పెట్టి తప్పుకునేది. ఎంత దంచినా ముద్దకు రాని నీళ్ళ దుంప ఆ పెండలం, బజార్లో అన్నిటికన్నా చవక. దాంతో ఆవిడ వండే ఇకొకొరె అనే ఉండల కూర కోసం బంగారు వర్తకులు గుమ్మంలో చెప్పులు విడిచి నిలబడేవారంటే ఇంక చెప్పేదేముంది!

వండే తీరు మాత్రం అందరిదీ ఒకటే. మూడు రాళ్ళ పొయ్యి మీద ఎర్ర పామాయిల్లో నూరిన మిరప, ఉల్లి, ఎండు రొయ్యల పొడి, పొగబెట్టిన చేప కుతకుతలాడుతుంటే, కోరిన పిండిని వేళ్ళతో ఉండలుగా జారవిడిచి మూత పెడతారు. ఉండ బిగిసేదాకా గరిటె తగలకూడదు. తేడా ఒక్కటే. మూత పెట్టబోతూ ఆవిడ ఒక పేరు పలికేది. అంతే, ఆవిరి మూత సందులోంచి జారి, వాకిలి దాటి, వీధి వెంట నడిచిపోయి ఆ మనిషిని భోజనానికి వెంటబెట్టుకొచ్చేది. ఎదురొచ్చినవాళ్ళు పక్కకు జరిగి దారి ఇచ్చేవారు. ఎదురింటి బిసోయె మొగుడు లేగోస్‌లో రెండో కాపురం పెడితే, ఈ ఆవిరే బస్సెక్కి వెళ్ళి బనీను మీదున్నవాణ్ణి ఉన్నట్టే లాక్కొచ్చింది. కండక్టరు దాన్ని టికెట్ కూడా అడగలేదు.

అలాంటి పొయ్యి చల్లారిపోయింది.

రంజాన్ నెలలో ఆవిడ కొడుకు ముఫు షగాము ఊరినుంచి మోటారు సైకిలు మీద ఉపవాసం విడవడానికి ఇంటికొస్తుంటే లారీ గుద్దింది. కన్నవాళ్ళు బిడ్డ సమాధి చూడకూడదని ఆచారం. అందుకని ముఫు పెదనాన్న లమీదీ, మరికొందరు మగవాళ్ళు ఖననం చేసి, చేతులు కడుక్కుని, నోళ్ళు కుట్టేసుకున్నారు. ఎక్కడ పెట్టారో ఊరంతా ఎరుగును, ఆవిడ తప్ప. "ముఫు వాళ్ళమ్మా" అని పిలవబోయి, ముందు సగం మింగేసి, ఉత్త "అమ్మా" అంటున్నారు జనం. పండగ వెళ్ళిపోయింది, వానలు దిగాయి. ఆవిడ మాత్రం ఏదో గుక్కెడు మొక్కజొన్న గంజితో, ఎండిన పుల్లలా మిగిలింది.

ఒక సాయంకాలం ఎదురింట్లో కోళ్ళు గూట్లోకి పరిగెత్తాయి. బిసోయె ఆకాశం చూసింది. మబ్బు లేదు. చీర కుచ్చిళ్ళెత్తినట్టు నడుముకు చుట్టిన గుడ్డ ఎత్తిపట్టుకుని ఒక్క పరుగున వచ్చింది.

"అక్కా! పొయ్యి వెలిగించావా! ఎవరికోసమే? మా ఆయన ఇంట్లోనే పడున్నాడు, ఈసారికి ఆయన్ని వదిలెయ్."

"మీ ఆయన్ని లేపడానికి ఆవిరెందుకు? నీ నోరు చాలదూ?"

బిసోయె విరగబడి నవ్వింది. ఇంతలో చివరి ఉండ నూనెలో మునిగింది. ముఫు వాళ్ళమ్మ మూత పట్టుకుని కుండలోకి వంగి, కొడుకు నిండు పేరు పలికింది, "ముఫుతావు."

బిసోయె నవ్వుతున్నదల్లా ఒక్క ఉదుటున లమీదీ ఇంటికి పరిగెత్తింది.

లమీదీ టోపీ ఒక పక్కకు, అంగీ ఒక పక్కకు వేలాడుతుండగా వచ్చిపడ్డాడు. "మరదలా, మూత తియ్! ఆ పేరు వెనక్కి తీసుకో!"

"పలికిన పేరు వెనక్కెలా వస్తుంది బావగారూ?"

"తల్లి కళ్ళబడ్డ సమాధి ఇంకో మనిషిని అడుగుతుంది. మా మేనత్త చూసింది, నెల తిరక్కుండా ఆవిడకీ తవ్వాం. నీకూ తవ్వమంటావా?"

"నేను చూస్తానన్నానా?" గిన్నెలోకి ఇకొకొరె తీస్తూ అందావిడ. "పొద్దుగూకకుండానే పోయాడు నా బిడ్డ. నోట్లో నీటిచుక్క పడలేదు. వాడు ఉపవాసం ఇంకా విడవలేదు బావగారూ. అందరూ పండగ చేసుకున్నారు. వాడు అలాగే ఉన్నాడు."



ఆవిరి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. లమీదీ రెండు చేతులూ బార్లా చాపి అడ్డం నిలిచాడు. అంగీ చేతుల్లో దూరి, అవతలి నుంచి బయటపడి, వీధి పట్టింది ఆవిరి. గిన్నెమీద గుడ్డ కప్పి ముఫు వాళ్ళమ్మ దాని వెంట నడిచింది. లేవలేని మనిషి, ఆ నడక చూస్తే లేళ్ళు సిగ్గుపడాలి. వెనకాల బిసోయె. ఆ వెనకాల, "ఆగు మరదలా, ఆగమంటుంటే!" అని రొప్పుతూ లమీదీ. వీధిలో కూరగాయలవాళ్ళు గంపలు జరిపి దారిచ్చి, మొహాలు గోడవైపు తిప్పుకున్నారు.

కలప కోసే మిల్లు దాటాక దారి మట్టిబాటగా మారింది. అక్కడ ఆవిరి ఆగింది. వెనక్కి తిరిగి వచ్చి, ముఫు వాళ్ళమ్మను తలనుంచి పాదాలదాకా చుట్టుకుంది. ఆవిడకు తన చేతిలో గిన్నె కనపడలేదు. చెయ్యే కనపడలేదు. అంతా తెలుపు, మిరప వాసన.

అడుగు పడక నిలబడిపోయింది. "బావగారూ?"

వెనకనుంచి చెప్పుల చప్పుడు దగ్గరకొచ్చింది. తర్వాత ముసలాయన గొంతు, దగ్గు అడ్డంపడుతూ, వినబడింది.

"ఎడమకి. మెల్లగా... రాయుంది, కాలెత్తు. ఇంకొంచెం." మట్టిదిబ్బ దగ్గర ఆగాడు. "చూడకూడదన్నారు పెద్దలు. తాకకూడదని ఎవరూ అనగా నేను వినలేదు. కూర్చో. వాడి తల ఇటువైపు."

ఆవిడ మోకాళ్ళమీద కూలబడి మట్టి తడిమింది. వానకు కుంగి, మెత్తగా ఉంది. చిన్నప్పుడు జ్వరమొస్తే చూసినట్టు, అరచేయి బోర్లించి ఉంచింది. దూరంగా మసీదులో సందె నమాజుకు పిలుపు లేచింది.

"బిస్మిల్లా అను నాన్నా," అని, ఉండ చిదిపి, ఊది, మట్టిలోకి వేలితో నొక్కింది. ఇంకోటి. చేపముక్క ముల్లు తీసి మరీ పెట్టింది. "కారం ఎక్కువైందా? నీకోసం తగ్గించాను. తిను. ఎవరూ తొందరపెట్టరు."

బిసోయె తలగుడ్డ నోట్లో కుక్కుకుంది. లమీదీ టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఎన్నో సమాధులు తవ్వించిన మనిషి, ఒక్కనాడూ కన్ను తడవని మనిషి, ఆ టోపీ పిండితే బిందె నిండేటట్టు ఏడ్చాడు.

"వాడు ఉపవాసం విడిచాడు మరదలా," అన్నాడు చివరికి. "ఇక నువ్వూ విడువు."

తెల్లటి ఆవిరిలోపల గిన్నె కదిలింది. నమలడం వినబడింది. కొంచెం ఆగి, మళ్ళీ వినబడింది.

ఇద్దరూ చెరో రెక్కా పట్టుకుని నడిపించుకొచ్చారు. రోడ్డు చేరాకే ఆవిరి ఆవిడను వదిలింది. వదిలి, ఇంటివైపు కాకుండా, వచ్చిన మట్టిబాటన తిరిగి నడిచింది.

"అక్కా, అది వెనక్కి పోతోందే! ఇంక మన వీధివాళ్ళను ఎవరు పిలుచుకొస్తారు? పిలువు, పేరుపెట్టి పిలువు!"

ముఫు వాళ్ళమ్మ వెనక్కి తిరగలేదు.

"పోనీయవే. వాడికి చీకటంటే భయం," అంది.