కడగని సీసాలు

ఆ ఆదివారం ప్రమీల పట్టుబట్టి మొగుడు మాధవను గనుల ఊరు కూరెకుప్పకు బయల్దేరదీసింది. పెళ్ళయి రెండు నెలలు కాలేదు. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పొట్లం కట్టించుకుని బస్సెక్కితే ఆమెకు తిరునాళ్ళకు పోతున్నట్టే ఉంది. కిటికీలోంచి గనుల ఎర్రదుమ్ము వచ్చి మాధవ మీసాల మీద వాలింది. పకపకా నవ్వింది. అనంతపురం కాలేజీలో బి.ఏ. చదివిన పిల్ల బస్సులో అట్లా నవ్వకూడదని తెలుసు. అయినా నవ్వింది.

ఆమె పోయేది మొగుని పేరు చూడ్డానికి. గని కాంట్రాక్టరు ఇంద్రసేనరెడ్డి కూలీల కోసం పెట్టిన మందుల కొట్టంలో, ఫార్మసిస్టుగా మాధవ సర్టిఫికెట్టు అద్దాల పటంలో వేలాడుతోంది. మాధవ మాత్రం బళ్ళారి కౌల్ బజారులో రెడ్డి లారీల ఆఫీసులో కూర్చుని సరుకు బిల్టీలు రాస్తాడు. "పటం అక్కడ, మనిషి ఇక్కడ. ఇదేం ఉద్యోగమండీ!" అని ఆమె కొత్తలో నవ్వితే ఆయన నవ్వలేదు.

బస్సు దిగాక మాధవ టీ అంగడి దగ్గరే ఆగిపోయాడు. "నువ్వు చూసిరా. నేనీడుంటా."

కొట్టం ముందు ఖనిజం గంపలు మోసే ఆడవాళ్ళు తలా ఒక సీసాతో నిలబడి ఉన్నారు. లోపల గోడకు పటం. ప్రమీల మునివేళ్ళ మీద లేచి, మొగుని పేరు పెదవుల్లోనే చదువుకుంది. పైకి పలకడానికి సిగ్గు. కొంగుతో అద్దం మీది దుమ్ము తుడిచింది. ఆ క్షణాన ఆమెకున్నంత సంతోషం ఆ గనుల్లో ఇంకెవరికీ లేదు.

"ఏయ్, కెంచమ్మా! మురికి సీసాలో మందెట్ల పోసేది? కడిగి తేపో!"

అరిచింది నారప. మొన్నటిదాకా రెడ్డి లారీకి క్లీనరు. ఇప్పుడు మందులిస్తాడు. డాక్టరు ఎప్పుడో జీపులో వచ్చి పోతాడు. కెంచమ్మ చంకలో బిడ్డ కాలిపోతోంది.

"అప్పయ్యా, పిల్లకు జరం. నీళ్ళ తొట్టి యాడో ఉండాది. ఈ పొద్దుటికి పొయ్యప్పా."

"సుమ్నె పో, గమ్మున. కడగంది పొయ్యను."

ప్రమీల చేతులు చాచి బిడ్డను తీసుకుంది. కెంచమ్మ పరుగెత్తింది. నాలుగేళ్ళ పిల్ల, పేరు హంపమ్మ. ఒళ్ళు పెనంలా ఉంది. అంత జ్వరంలోనూ కొత్తపెళ్ళికూతురి గాజులు ఒక్కొక్కటే తిప్పి చూసుకుంది.

అప్పుడు ప్రమీల చూసింది. దగ్గే ముసలాయనకు పెద్ద జాడీలోంచి గులాబి రంగు నీళ్ళు. కడుపునొప్పి సిద్ధమ్మకు అవే నీళ్ళు. కెంచమ్మ రొప్పుతూ వచ్చాక ఆమె సీసాలోనూ అవే. మోతాదు తెలియడానికి గాట్లు కత్తిరించిన కాగితం ముక్క సీసాకు అతికించి, "పూటకో గాటు" అన్నాడు నారప. ఆ మాట అంటున్నప్పుడు అతని తల వెనకాలే మాధవ పేరు ఉంది.

టీ అంగడి దగ్గరికి వచ్చి అడిగింది. "అన్ని రోగాలకీ ఆ ఒక్క జాడీయేనా?"

మాధవ గ్లాసు కిందపెట్టాడు. "బస్సొస్తాంది, పద."

బజ్జీ పొట్లం విప్పకుండానే ఇంటికి చేరింది.

ఆ వారంలోనే ఒక లారీ డ్రైవరు కబురు తెచ్చాడు. కెంచమ్మ బిడ్డ పోయింది. సీసాలో ఆఖరి గాటు దాకా తాగించారట. ప్రమీల ఒక్కతే బస్సెక్కింది.

కూలీల గుడిసెల మధ్య అందరూ కూర్చున్నారు. గని సంఘం పెద్ద దేవప్ప మాట్లాడుతున్నాడు. "మందులిచ్చేవాళ్ళ తప్పులు విచారించే కౌన్సిలంటూ ఒకటుందంట. ఫిర్యాదు రాద్దాం. ఎవురి మీద రాయల్ల?"

అందరూ ప్రమీల వైపు చూశారు. వచ్చింది ఎవరి పెళ్ళామో అందరికీ తెలుసు.

"పటంలో ఉన్న పేరు మీద," అంది ప్రమీల.

సిద్ధమ్మ మూతి తిప్పింది. "పెండ్లినాడు మొగుని పేరు చెప్పమంటే తల వంచుకోని నిలబడింటావు. ఈ పొద్దు చెప్తావా తల్లీ?"

ప్రమీల లేచి నిలబడింది. మొగుని పేరు ఇంటిపేరుతో సహా గట్టిగా చెప్పింది. పెళ్ళయ్యాక ఆ పేరు పైకి పలకడం అదే మొదలు. ఎవరూ నవ్వలేదు. కెంచమ్మ వచ్చి ఆమె పక్కన కూర్చుంది.

ఇంటికొస్తే మాధవకు అప్పటికే తెలిసిపోయింది. "నా పేరు రాసిచ్చినావంట."

"ఇచ్చాను."

"రెడ్డి పిలిపించినాడు. నీ పేరు పోతే పోనీ, ఆఫీసులో కూర్చో, నేను చూసుకుంటా అన్నాడు." గడప మీద కూలబడ్డాడు. "జాడీలో ఏముండేదో నేనెప్పుడూ అడగలే ప్రమీలా. అడిగితే పని పోతాదని. విచారణకు నేనూ వస్తా."

కౌన్సిలు ఆఫీసర్లు బళ్ళారి సర్కారు బంగ్లాలో కూర్చున్నారు. కెంచమ్మను పిలిచారు.

"ఆ మందేదమ్మా? పరీక్షకు పంపాల."

కెంచమ్మ ఒడిలోంచి సీసా తీసింది. బూడిదతో తోమి, నీళ్ళతో తొలిచిన సీసా. తళతళా మెరుస్తోంది. గాట్ల కాగితం కూడా లేదు.

"కడిగేసినా సామీ. మా నాలుగిండ్లకూ ఇదొక్కటే సీసా. కడగకపోతే మళ్ళా మందు పొయ్యడు గదా."

ఆఫీసరు కలం మూశాడు. "సాక్ష్యమే కడిగేస్తే మేమేం చేసేది? ఇంకొక సిట్టింగు పెడతాం. ఏమన్నా ఉంటే తెండి."

తిరుగు బస్సులో కెంచమ్మ ఆ సీసాను గుండెకు అదుముకుని, "నా చేత్తోనే, నా చేత్తోనే" అంటూ ఊగిపోయింది.

మళ్ళీ గుడిసెల మధ్య కూర్చున్నారు. ఈసారి సిద్ధమ్మే మొదలుపెట్టింది. "అందురమూ పోదాం, మందు తెచ్చుకుందాం. తాగొద్దు. కడగొద్దు. సీసాలు అట్లే పెడదాం."

దగ్గే ముసలాయన కస్సుమన్నాడు. "తాగకపోతే నేను సస్తే?"

"మూడేండ్లుగా తాగుతాండావు కదా తాతా, దగ్గు పాయనా?"

"పాయె. నీ నోటికి బెదిరి పాయె!" అని దగ్గుతూనే నవ్వాడు ముసలాయన. ఆ బిడ్డ పోయాక అక్కడ వినబడిన మొదటి నవ్వు అది.

సీసాలు చాలకపోతే గని మేస్త్రీ ఇంట్లో పనిచేసేవాళ్ళు ఖాళీ సీసాలు సంపాదించుకొచ్చారు. జ్వరం వచ్చినవాడు, కడుపు పట్టినవాడు, కాలు చితికినవాడు, అందరూ నారప ముందు వంగి, "మందు పొయ్యప్పా" అన్నారు. గుడ్డపేలికలతో బిగించిన సీసాలు గుడిసె గుడిసెలో వరస కట్టాయి.

రెండో విచారణ నాడు బంగ్లా వరండా నిండా గులాబి నీళ్ళే. ఎవరి సీసా ముందు వాళ్ళు నిలబడి తమ రోగం చెప్పుకున్నారు. రోగాలు వేరు, రంగు ఒక్కటే. మాధవ చేతులు కట్టుకుని చెప్పాడు. "ఆ పటం నాది. ఒక్క దినమూ నేనాడ లేను. పేరు బాడిగకిచ్చినా. నా పేరు తీసెయ్యండి. కానీ ఆ కొట్టం మూయండి."

ఆఫీసర్లు గుసగుసలాడుకున్నారు. పెద్దాయన తీర్పు చదివాడు. రిజిస్టరులోంచి మాధవ పేరు కొట్టేశారు. అంతే.

"నారపకు? రెడ్డికి?" దేవప్ప అడిగాడు.

"వాళ్ళ పేర్లు మా రిజిస్టరులో లేవప్పా. పేరున్నవాళ్ళనే మేము శిక్షించగలం. మిగతాది సర్కారు చూడాల."

సర్కారు చూడలేదు. వారం తిరక్కముందే కొట్టం గోడకు, అదే మేకుకు, కొత్త పటం వచ్చింది. మాధవకు లారీ ఆఫీసులో పని పోయింది. ఆ కొత్త కాపురంలో పొయ్యి రోజుకొక్క పూటే వెలిగింది. అయినా మాధవ పొద్దున్నే సైకిలు తుడిచి, "ఎక్కు, గనికి పోదాం," అంటే ప్రమీలకు కళ్ళలో నీళ్ళూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

ఆ రోజు కూలీలు గంపలు కిందపెట్టారు. కడగని సీసాలు కొట్టం మెట్ల మీద పేర్చి, వాటి ముందు కూర్చున్నారు. నారప తలుపు చాటుకు పోయాడు.

"అమ్మణ్ణీ, ఆ పటంలో ఏముండాదో చదువు," అంది కెంచమ్మ.

ప్రమీల గుమ్మంలోకి పోయి, అందరికీ వినబడేలా చదివింది. "కె. మాణిక్యం."

"యాడుండాడు?" అంది కెంచమ్మ.

కూర్చున్నవాళ్ళందరూ ఒక్క గొంతుతో అడిగారు. "యాడుండాడు? పిలువు!"

పోలీసులు వ్యానులో వచ్చారు. లాఠీలకు మెట్ల మీద సీసాలు పగిలి, ఎర్రమట్టి మీద గులాబి నీళ్ళు పారాయి. దేవప్పను, సిద్ధమ్మను, మాధవను ఎక్కించారు. కెంచమ్మను లాగుతుంటే ప్రమీల అడ్డం పడింది. ఆమె గాజులు చిట్లి ముక్కలు సీసా పెంకుల్లో కలిశాయి. హంపమ్మ తిప్పి చూసుకున్న గాజులు. ప్రమీల వాటిని ఏరుకోలేదు. వ్యానెక్కి, ఊచల్లోంచి మళ్ళీ ఆ పేరు అరిచింది. "కె. మాణిక్యం!"

"యాడుండాడు?" వ్యాను వెంట పరుగెత్తే జనం అడిగారు.

మరునాడు, గని కబురు చేరిన కౌల్ బజారులో మూటలు మోసే హమాలీ ఒకడు మందుల షాపుకు పోయాడు. నడుముకు గుడ్డతో కట్టుకున్న సీసా తీశాడు. షాపువాడు కడిగి తెమ్మన్నాడు. హమాలీ కదల్లేదు. తలెత్తి గోడమీది పటాన్ని వేలితో చూపించాడు.

"ఆ పేరుగలాయన యాడప్పా? పిలువు. ఆయన చేత్తో పోస్తేనే తీసుకుంటా."

అతని వెనక ఇంకా నలుగురు సీసాలు పట్టుకుని నిలబడి ఉన్నారు.